మోకాటిలోతు నీళ్లు

ఎండురొయ్యలు కొనేటప్పుడు కుప్పలోంచి ఒకటి తీసి తోక కొరికి చూడాలి. పంటి కింద ఇసుక కరకరమందంటే ఆ కుప్ప వద్దు, సగం ధరకిచ్చినా వద్దు. ఒడ్డున ఇసుక మీదనే ఆరబోసిన సరుకది. ఎన్ని నీళ్లు మార్చి కడిగినా ఇసుక పోదు, కూరంతా పాడు. చాప మీదనో, పాత వల పరిచో ఆరబెట్టిన రొయ్యయితే పొట్టు టప్పున విరుగుతుంది. నాలిక్కి ముందు ఉప్పు, ఆ వెనకే సన్నగా తీపి. మొన్న కడపలో ఏడురోడ్లకు దగ్గర్లో ఒక గంప ముందర గొంతుక్కూర్చుని ఇదే పని చేస్తాంటే, అమ్మే ఆయమ్మ నవ్వి, "ఏమ్నా, మీది సముద్రం దిక్కా?" అనింది.

కాదు తల్లీ. చెరువెండితే దాంట్లోనే క్రికెట్ ఆడుకున్న దిక్కు మాది. తోక కొరకడం నేర్పింది మా సూళ్లూరుపేట మామ. ఆ గంప వాసన తగిలిందో లేదో, నాయుడుపేట దాటినాక బస్సు కిటికీలోంచి కొట్టే గాలి గుర్తుకొచ్చింది.

మా మేనత్తను సూళ్లూరుపేటకిచ్చినారు. మామకక్కడ చేపల మండీ. సంక్రాంతి సెలవులొస్తే కడప నుంచి ఎవరో ఒకరం పోవాల్సిందే, అదీ ఉత్త చేతులతో కాదు. చెనిక్కాయలు ఒక మూట, కేపీ ఎర్రగడ్డలు, అంటే కృష్ణాపురం ఉల్లిగడ్డలు ఒక గోతం, దొరికితే చీనీకాయలు ఒక సంచి. వచ్చేటప్పుడు అటునుంచి ఎండురొయ్యలు, ఉప్పుచేప. రెండిళ్ల మధ్య ఏళ్ల తరబడి నడిచిన బేరం. ఎవరూ లెక్క రాయలేదు, ఎవరూ బాకీ పడలేదు.

కడపలో ప్యాసింజరెక్కితే నందలూరు, రాజంపేట, కోడూరు మీదుగా రేణిగుంట. నందలూరులో రైలు శానాసేపు నిలబడేది. బొగ్గింజన్ల కాలంలో అక్కడ పెద్ద లోకోషెడ్డుండేదని ప్రతిసారీ పెట్టెలో ఎవరో ఒకరు మొదలుపెట్టేవాళ్లు, రాజంపేట దాకా ఆ కథే. చిత్రాన్నం కోడూరు లోపలే అయిపోయేది. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మాత్రం అత్త కోసమని వేరే గుడ్డలో కట్టిండేది అమ్మ. ఆ గుడ్డ ముడి మీద చెయ్యి పడితే వీపు మీద చెయ్యి పడేది. రేణిగుంటలో దిగి బస్సు పట్టుకుంటే శ్రీకాళహస్తి, నాయుడుపేట, సూళ్లూరుపేట. మా దిక్కు గాలి పొడిగా, దుమ్ముగా తగిలి పోతుంది. ఆ పక్క గాలి ఒంటికి అంటుకుంటుంది. చొక్కా కాలరు జిగటైందంటే దిగే ఊరు దగ్గరపడినట్టే.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సును అడ్డంగా కోసుకుంటూ పోతుంది. రెండు పక్కలా నీళ్లే. మొదటిసారి వచ్చినోళ్లు అదే సముద్రమనుకుంటారు. సముద్రం ఇంకా అవతలుంది. సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట దీవి పొడుగ్గా పడుకుని ఉంటుంది. ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే సరస్సుల్లో చిలికా తర్వాత మన దేశంలో పెద్దది ఇదే. పాత పేరు ప్రళయకావేరి. పేరు విని జడుసుకోవాల్సిన పనిలేదు, శానాచోట్ల లోతు మనిషి నడుముకు మించదు.

మా కడపోళ్లకు నీళ్ల గురించి ఒకటే ప్రశ్న: ఉన్నాయా, లేవా? మామ లెక్క వేరే. ఆయన నీళ్లను కాలితో కొలిచేవాడు. చీలమండ లోతులో ఉల్లంకి పిట్టలు, ఆగకుండా పరుగెత్తుతూ బురద పొడుచుకుంటుంటాయి. పిక్కలోతులో తెల్లకొంగలు. మోకాటిలోతులో ఫ్లెమింగోలు, రొయ్యలు పట్టే ఆడోళ్లు. నడుములోతు వచ్చిందంటే పడవలు, గూడబాతులు. "ఏడ ఏముంటాదని నన్నడిగేదేందిబయ్యా, నీ కాలినడుగు" అనేవాడు. పడవోళ్లదీ అదే పద్ధతి. తెడ్డు కంటే గెడకర్రతోనే ఎక్కువ పని, నేలకు గుచ్చి నెట్టుకుంటూ పోవడమే. గెడ ఎంత తడిసిందో చూసి ఆ పొద్దు వల ఎక్కడ వేయాలో తేల్చుకునేవాళ్లు.

రెండో కొలత నాలుక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు కురిసి, స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నీళ్లు వచ్చి పడితే సరస్సు చప్పబడుతుంది. ఎండాకాలానికి అవే నీళ్లు ఇగిరి, కొన్నిచోట్ల సముద్రం కంటే ఉప్పెక్కుతాయి. ఉత్తరం పక్కనైతే నీళ్లే ఉండవు, తెల్లటి ఉప్పుపొర కట్టి ఉంటుంది. ఆ పొర చూసి గట్టి నేలనుకుని కాలు పెడితే పిక్కదాకా దిగబడుతుంది. మా నల్లరేగడి ఎండితే నెర్రెలిచ్చి ముందే హెచ్చరిస్తుంది. ఉప్పు నేలకు ఆ మర్యాద లేదు. దిగబడితే కాలిని నిటారుగా పైకి పీకకూడదు, లోపల గాలి చొరక బురద ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మడమ అటూ ఇటూ ఆడించి సందు చేసుకోవాలి, ఒళ్లు పక్కకు వాల్చాలి, కాలివేళ్లు కిందికి వంచి మెల్లగా లాక్కోవాలి. చెప్పు కోసం మళ్లీ చెయ్యి పెట్టొద్దు. అది సరస్సుదైపోయింది.

అన్నిటికీ మూలం మొగ, అంటే సముద్రం నీళ్లు సరస్సులోకొచ్చే దారి. రొయ్యలు గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్లలు పోటుతో కొట్టుకొచ్చి, లోతులేని ఈ నీళ్లలో తిని పెరిగి, పెద్దయినాక మళ్లీ సముద్రానికే పోతాయి. అలలు ఇసుక తోసి మొగ పూడ్చేస్తే పిల్లలు లోపలికి రాలేవు. లోపలున్న నీళ్లు ఉప్పెక్కి చేపలకూ బతుకుండదు. మా ఊళ్లో ఇద్దరు రైతులు ఎదురుపడితే "వానెట్లుంది?" అన్నట్టు, అక్కడ పొద్దున్నే "మొగెట్లుంది?" అని పలకరించుకునేవాళ్లు. మామ మొహం చూస్తేనే తెలిసిపోయేది ఆ పొద్దు వచ్చిన జవాబు ఏమిటో.

మోకాటిలోతులో రొయ్యలు పట్టే ఆడోళ్లని చూసినంత సేపు నేను ఇంకేదీ చూసుండను. యానాది ఆడోళ్లు. వరసగా నీళ్లలోకి దిగి, గొంతు వరకూ మునిగేట్టు వంగి, రెండు చేతులతో బురద తడుముకుంటూ కదిలేవాళ్లు. తాటాకు బుట్ట అంచును పళ్లతో కరిచిపట్టుకుంటారు. బుట్ట గడ్డం కింద వేలాడుతుంటుంది, చేతులు రెండూ పనికి ఖాళీ. అరచేతులు విప్పి నేల మీద ఎడంగా ఆనించి, ఒకదాని వైపు ఒకటి జరుపుకుంటూ వస్తారు. రొయ్య బెదిరితే ముందుకు పోదు, తోక విదిలించి వెనక్కు దుముకుతుంది. అందుకని తల వైపు చెయ్యి ఊరికే తగలాలి, తోక వైపు చెయ్యి కాచుకుని ఉండాలి. అదే వచ్చి ఆ చేతిలో పడుతుంది. తొందరపడి తల పట్టుకుంటే నుదుటి మీది రంపపు ముల్లు గోరు సందులో దిగుతుంది, ఉప్పునీళ్లు తగిలి రోజుల తరబడి సలుపు. పట్టింది పట్టినట్టు బుట్టలో వేయడమే, తలెత్తరు.

పది పదిహేను మంది ఉన్నా ఒక్క మాట వినిపించేది కాదు. నోట్లో బుట్టలు కదా. నీళ్ల గలగల, అప్పుడప్పుడూ బుట్టలో రొయ్యల టపటప. ఒడ్డుకొచ్చి బుట్టలు దించినాక చూడాలి, అంతసేపూ ఆపుకున్న మాటలన్నీ ఒక్కసారి బయటికొచ్చేవి. మామ తక్కెడ చప్పుడు కూడా వినపడేది కాదు.

మండపీతలు వేరే వ్యవహారం. కొండీలు తాడుతో కట్టేసి ఇస్తారు, ఆ తాడు ఇంటికొచ్చినాక కూడా విప్పొద్దు. పీతను బరువు చూసి కొనాలి. సైజు చూసి మోసపోయేవాళ్లే ఎక్కువ. కొత్తగా డొల్ల మార్చిన పీత పెద్దగా ఉంటుంది, లోపల కండకు బదులు నీళ్లు. బొటనవేలితో పొట్ట పక్క, వెనక కాలు మొదట్లో నొక్కితే లొట్టపడిందంటే నీళ్ల పీత. రాయి మాదిరుంటే తీసుకోవచ్చు. అత్త ఎప్పుడూ తాడు బరువు కూడా తీసేయమని తగువు పెట్టుకునేది, సొంత మొగుడి మండీలో!

మండీలో నాకు బాగా గుర్తున్న చప్పుడు ఐసు కొట్టేది. ఐసుగడ్డను గోనెసంచిలో వేసి చెక్క గూటంతో దంచుతారు. సంచి లేకుండా కొడితే పెళ్లలు ఎగిరి సగం నేలపాలు. చెనిక్కాయంత ముక్కలైతే చాలు, పిండి చేస్తే తొందరగా కరిగిపోతుంది, పెద్ద పెళ్లలుంటే మొనలు చేప పొట్టలో గుచ్చుకుంటాయి. గంపలో అడుగున ఐసు, దాని మీద చేపలు ఒక వరస, మళ్లీ ఐసు. కిలో చేపకు కిలో ఐసు, ఎండాకాలమైతే ఇంకాస్త. గంప కింద నీళ్లు కారిపోయే దారుండాలి. కరిగిన నీళ్లలో చేప నానితే కళ్లు తెల్లబడి, పొట్ట మెత్తబడి పగులుతుంది. కడపకు పచ్చి చేప తేవాలని మా నాయన ఒకసారి పట్టుబట్టినాడు. రెండొందల కిలోమీటర్లకు పైన ప్రయాణం, రేణిగుంటలో రైలు ఆలస్యం. రాజంపేట కాడికొచ్చేసరికి పెట్టెలో మా చుట్టుపక్కల సీట్లన్నీ ఖాళీ. అప్పటినుంచి ఎండుసరుకే.

అత్త పుట్టింది కడప, వంట చేసింది నెల్లూరు పద్ధతి. ఆ పులుసులో రెండూ ఉండేవి. వంజరం తెస్తే ఒక తీరు, పండుగొప్ప తెస్తే ఒక తీరు, సరస్సులో దొరికే మడవ తెస్తే ఇంకో తీరు. మడవ బురద తినే చేప. పొట్ట చీల్చినాక లోపల నల్లటి పొర ఒకటి అతుక్కుని ఉంటుంది. దాన్ని వేలితో గీకి పూర్తిగా తీసేయాలి, తుంపు మిగిలినా పులుసు చేదెక్కుతుంది. తర్వాత రాళ్లుప్పు, పసుపుతో రుద్ది, మజ్జిగలో కాసేపుంచి కడిగితే బురద వాసన పోతుంది. నిమ్మకాయ పిండి వదిలేసేవాళ్లున్నారు. ఎక్కువసేపు ఉంచితే ముక్క పైన తెల్లగా ఉడికినట్టయిపోతుంది, జాగ్రత్త.

కిలో చేపకు అత్త కొలతలు ఇవీ. పెద్ద నిమ్మకాయంత చింతపండు, పుల్లటి మామిడికాయ ఉంటే అందులో సగమే. ఎర్రగడ్డలు రెండు, టమాటాలు రెండు, పచ్చిమిరపకాయలు అయిదారు నిలువుగా చీల్చినవి, కారం మూడు చెంచాలు. కారం మాత్రం కడప నుంచి మేం తీసుకుపోయిందే వేసేది, ఆ పక్క కారానికి రంగే గానీ మంట లేదని ఆమె నమ్మకం. ధనియాలు రెండు చెంచాలు, జీలకర్ర ఒకటి, మెంతులు అర చెంచా, ఆవాలు అర చెంచా విడివిడిగా వేయించి పొడి చేస్తుంది. అన్నీ ఒకేసారి మూకుట్లో పోస్తే ధనియాలు వేగేలోపల మెంతులు మాడతాయి, మాడిన మెంతి ఒక్క చిటికెడు చాలు కుండంతా చేదు చేయడానికి.

మట్టికుండలో నూనె కాస్త ఎక్కువే పోసి, ఎర్రగడ్డలు, మిరపకాయలు, కరివేపాకు మగ్గినాక టమాటా, అది గుజ్జయినాక పసుపు, ఉప్పు, కారం, ఆ తర్వాత చింతపండు రసం. ఇక్కడ ఆగాలి. పులుసు కనీసం పావుగంట ఒక్కటే మరగాలి, నూనె పైకి తేలి అంచుల్లో ఎర్రగా వలయం కట్టేదాకా. చేప ముక్కలు ముందే వేస్తే పులుసు చిక్కబడే లోపల ముక్క విరిగి ముళ్లు మిగులుతాయి. నూనె తేలినాక ముక్కలు ఒక్కొక్కటే పక్కపక్కన పేర్చాలి, సందుల్లో మామిడి ముక్కలు. ఇక గరిటె ముట్టకూడదు. కుండ అంచులు గుడ్డతో పట్టుకుని గుండ్రంగా ఒక తిప్పు తిప్పాలి. ఎనిమిది పది నిమిషాలు, చివర్లో పొడి చల్లి దించేయడమే. వేడి మీద మూత పెట్టేస్తే ఆవిరి నీళ్లయి పులుసులో పడి రాత్రికే పులిసిపోతుంది. చల్లారిందాకా పలచటి గుడ్డ కప్పి ఉంచేది అత్త. మరుసటి రోజు పొద్దున్నే ఆ కుండ తెరుస్తారు.

నెల్లూరోళ్లు దాన్ని అన్నంలో కలుపుకుంటారు. మేం వచ్చినప్పుడు మాత్రం సంగటి కెలికేది. సంగటికి పులుసు పలచగా ఉంటే ముద్ద జారిపోతుందని, మా వంతు పులుసు వేరే తీసి ఇంకో అయిదు నిమిషాలు ఇగరబెట్టేది. మామకది నచ్చదు. "సంగట్లో చేపేందబ్బా, మొలగొలుకుల అన్నం పెట్టుకుని" అని ఏటా అనేవాడు. ఏటా రెండు ముద్దలు తినేవాడు.

పచ్చి రొయ్యలైతే ఇంత కథ లేదు. తల, పొట్టు తీసి, వీపు మీది నల్లటి నరం లాగేస్తే కిలోకు అరకిలో మిగులుతుంది, బేరం ఆడేటప్పుడే ఆ లెక్క గుర్తుండాలి. ఉప్పు, పసుపు వేసి పొయ్యి మీద పెడితే రొయ్యే నీళ్లు విడుస్తుంది, ఆ నీళ్లింకేదాకా వేయించి తర్వాత మసాలా. ముక్క ఉంగరం మాదిరి చుట్టుకోగానే దించాలి. ఇంకో అయిదు నిమిషాలుంచితే నమిలే కొద్దీ సాగుతుంది.

పక్షులను చూడ్డానికి పొద్దున్నే పోయేవాళ్లం, అటకానితిప్ప దాకా. తిప్ప అంటే నీళ్లలో లేచిన మెరక. ఆ పక్క ఊళ్ల పేర్లలో ఈ మాట తగులుతూనే ఉంటుంది. కడప దిక్కు నుంచి కొత్తగా పోయేవాళ్లకు ఒక మాట. ఆ రోడ్డు పడమర నుంచి తూర్పుకు పోతుంది. చలికాలం ఎండ దక్షిణం నుంచి ఏటవాలుగా పడుతుంది కాబట్టి, రోడ్డుకు ఉత్తరం పక్క నీళ్లలో ఉన్న పక్షులను చూస్తే ఎండ మన వీపు మీదుంటుంది, ఈకల రంగు తెలుస్తుంది. దక్షిణం పక్క చూస్తే అన్నీ నల్లబొమ్మలే. పదకొండు దాటిందంటే నీళ్ల మీద ఆవిరి ఆడుతుంది, ఎంత మంచి బైనాక్యులర్ పెట్టినా బొమ్మ వణుకుతుంది. పెద్దది కొనకండి, ఎనిమిదింతలు దగ్గరగా చూపే 8×42 చాలు. చెయ్యి కదలకుండా పట్టుకోవడం ముఖ్యం.

ఫ్లెమింగో నిలబడి ఉంటే తెల్లగా, మహా అయితే లేత గులాబీగా కనపడుతుంది. "ఇంతేనా!" అనుకుని వెనుదిరిగేవాళ్లను శానామందిని చూసినాను. రెక్క విప్పినప్పుడు చూడాలి, లోపల ఎరుపు, అంచుల్లో నలుపు. ఆ రంగు తినే తిండిదే. నీటిపాచిలో, సన్న రొయ్యల్లో ఉండే రంగు ఈకల్లోకి దిగుతుంది; పిల్లలప్పుడు బూడిద రంగులోనే ఉంటాయి. తలను తలకిందులు చేసి, ముక్కు పైభాగం నేల వైపు పెట్టి, నీళ్లు పీల్చి వడగట్టుకుంటుంది. కాళ్లతో బురద తొక్కి కలిపి, కదిలిన దాన్ని వడగట్టడం ఒక పద్ధతి. మోకాలు వెనక్కు వంగినట్టుంటుందే, అది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పైన ఈకల్లో దాగుంటుంది. మామ కాలి కొలతలో ఇదొక్కటే తప్పు, ఫ్లెమింగోది మోకాటిలోతు అనడం. ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

దగ్గరికి పోవాలనే ఆత్రంలో అందరూ ఒకటే తప్పు చేస్తారు. పక్షి ఎగిరేదాకా బెదరలేదనుకుంటారు. అది అంతకుముందే మూడుసార్లు చెప్పి ఉంటుంది. మొదట తినడం ఆపి తలెత్తుతుంది. తర్వాత గుంపంతా ఒకే వైపు నడక మొదలుపెడుతుంది. ఆ తర్వాత నడక వేగమవుతుంది. మొదటి గుర్తు దగ్గరే ఆగిపోతే కాసేపటికి మళ్లీ తలలు దించుకుంటాయి. పెద్ద వానలు పడిన ఏడు నీళ్లు లోతై, వాటి కాళ్లకందక గుంపులు వేరే మడుగులకు పోతాయి. నీళ్లు నిండుగా ఉంటే పక్షులూ నిండుగా ఉంటాయని చెరువులు చూసి పెరిగిన మేం అనుకునేవాళ్లం. అక్కడ అది తిరగబడుతుంది.

గూడబాతులకు మాత్రం నేలపట్టుకే పోవాలి, దొరవారిసత్రం పక్కన. 1976లో దాన్ని పక్షుల అభయారణ్యం చేసినారు. చెరువు నీళ్లలోనే చెట్లు నిలబడి ఉంటాయి, వాటిని కడప చెట్లంటారు. "కడప నుంచొచ్చి కడప చెట్టు చూసేదానికి టికెట్టా?" అని మా చిన్నాయన గొణుగుడు. ఈశాన్య వానలకు చెరువు నిండితేనే గూళ్లు కడతాయి. చెట్టు కింద నీళ్లుంటే నక్కలూ పిల్లులూ గూటి దాకా రాలేవు. నిండకపోతే ఆ ఏడు వచ్చినవి కూడా ఉండవు. రెట్టలతో చెట్లన్నీ సున్నం కొట్టినట్టుంటాయి, వాసన ఘాటుగానే ఉంటుంది. అక్కడి రైతులు ముక్కు మూసుకోరు, ఆ చెరువు నీళ్లు పారిన మడికి ఎరువు కలిసొస్తుందని వాళ్లకు తెలుసు. గోలంతా పిల్లలదే. గూటి దగ్గర పెద్ద గూడబాతు దాదాపు నోరు విప్పదు. పిల్ల అరిచి అరిచి తల్లి ముక్కు కింది సంచిలో తల మొత్తం దూర్చి చేప తినేస్తుంది, దూరం నుంచి చూస్తే తల్లే పిల్లను మింగుతున్నట్టుంటుంది.

వీటిని సైబీరియా పక్షులంటూ రాసేవాళ్లను చూస్తే నాకు కడుపుమంట. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ, అన్నీ ఈ దేశంలోనే గూడు పెట్టుకుని పిల్లల్ని చేసేవి. అనంతపురం దిక్కు చిలమత్తూరు దగ్గర వీరాపురానికి వచ్చే ఎర్రకాళ్ల కొంగలకూ ఇదే పేరు తగిలించినారు. మనూరి చెట్టు మీద పుట్టినదానికి అంత దూరపు పుట్టిల్లు ఎందుకో! మా కడపకూ ఒక పక్షి ఉంది, కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనపడక, లేదనే అనుకున్నాక, 1986లో లంకమల దిక్కు మళ్లీ దొరికింది. రాత్రిపూట ముళ్లపొదల్లో తిరిగేది. జిల్లాలో దాన్ని కళ్లారా చూసినోళ్లు వేళ్ల మీద ఉంటారు. ఇక్కడేమో రోడ్డు పక్కన బస్సాపి చూడొచ్చు.

రాకెట్టు రోజు సూళ్లూరుపేట వాలకమే వేరు. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడిలో సందడి, మేడల మీద జనం. 1979లో ఉపగ్రహాన్ని మోసుకుపోయే మొదటి ఎస్సెల్వీ రాకెట్టు తప్పిపోయి, 1980 జులైలో రెండోది అందుకున్న కథ మామ నోట ఎన్నిసార్లు విన్నామో. వెలుగు ముందు కనపడుతుంది. అప్పుడు ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాలి. ధ్వని సెకనుకు 340 మీటర్లు పోతుంది, మేడ నుంచి ఇరవై కిలోమీటర్ల పైమాటే, కాబట్టి అరవై దాటినాకే చప్పుడు. పిల్లలం అందరం కలిసి అరుస్తూ లెక్కపెట్టేవాళ్లం. అరవై నాలుగో, అరవై ఆరో అయినాక కిటికీ తలుపులు గడగడలాడేవి. అత్త మాత్రం మేడెక్కేది కాదు, అటక మీది జాడీలు పట్టుకుని నిలబడేది.

మామ, అత్త ఇద్దరూ ఇప్పుడు లేరు. పోయిన చలికాలం పోయి చూసొచ్చినాం. మా లెక్కకు ఇంకా నెల్లూరు జిల్లానే గానీ, 2022 నుంచి అదంతా తిరుపతి జిల్లా. గంపల స్థానంలో థర్మాకోల్ పెట్టెలు వచ్చినాయి. ఐసు దంచే చప్పుడు లేదు, యంత్రం పొడి చేసి ఇస్తోంది. మార్కెట్లో కనపడేది ఎక్కువగా చెరువుల్లో పెంచిన వెనామీ రొయ్యే. గుర్తుపట్టడం కష్టమేం కాదు. పెంచినవైతే పోత పోసినట్టు అన్నీ ఒకే సైజు. సరస్సు గంపలో పెద్దవీ చిన్నవీ కలిసి, నడుమ ఒక పీతపిల్ల, కాస్త నాచు. మీరు పోయేటట్టయితే డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి లోపల పోండి, ఆదివారం వద్దు. ఫ్లెమింగో పండగ రోజుల్లో పక్షుల కంటే మనుషులే ఎక్కువ. రాకెట్టు ప్రయోగం ఉందేమో ముందే చూసుకోండి, ఆ పూట రోడ్డు మీద పోలీసులు ఆపుతారు. తాగే నీళ్లు మోసుకుపోండి.

ఒక్కటి మారలేదు. ఎండురొయ్యలు కట్టే తీరు. కొన్న రోజే మూట కట్టకూడదు, ఒక పూట ఎండలో పెట్టి, వేడి పూర్తిగా పోయినాకే డబ్బాకెత్తాలి. వేడిగా మూసేస్తే లోపల చెమ్మ పట్టి వారానికి బూజు. ఇంటికొచ్చినాక తలలు, తోకలు తుంచి, నూనె లేకుండా సన్నమంట మీద వేయించి, చేటలో వేసి అరచేత్తో నలిపి చెరిగితే పొట్టు పోతుంది. పది నిమిషాలు వేడినీళ్లలో నాననిస్తే గోంగూరలోకైనా, వంకాయలోకైనా పడతాయి. అత్త డబ్బా మీద గుడ్డ, గుడ్డ మీద గోతం, గోతం మీద పురికోస చుట్టి ఇచ్చేది. అయినా బస్సెక్కంగానే కండక్టరు ముక్కు ఎగబీల్చి, "ఎవురిదయ్యా ఆ మూట? పైకెక్కించండి" అనేవాడు. ఎవరిదో చెప్పకుండా కూర్చునేవాళ్లం. కడపలో వాకిలి తెరిచే లోపలే మా వీధి పిల్లులు నాలుగూ గోడ మీద వరసగా వచ్చి కూర్చునుండేవి.